బెదురు గుర్రాన్ని కొడితే బెదురు పోదు

సంపాదకుల వారికి,

అయ్యా,

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలైతే చాలు, విజయవాడ బందరు రోడ్డు నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు దిగుతాయి. వాటిలో ఏదో ఒకటి ఎక్కడో బెదురుతుంది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తే, అందులో గుర్రం 'బీభత్సం సృష్టించింది' అని ఉంటుంది. ఎందుకు బెదిరిందో ఉండదు. వీటికి తోడు సరదాకు గుర్రం కొనుక్కుని తెల్లారుజామున కాలువ గట్ల మీద, పొలాల డొంకల్లో సవారీ చేసేవాళ్లూ ఉన్నారు. బెదిరిన గుర్రానికి ఎక్కువమంది చేసే వైద్యం ఒక్కటే, కొరడా. అడిగితే 'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది' అని సామెత చెబుతారు. ఆ సామెత మొండికేసే గుర్రం గురించి పుట్టింది. భయపడ్డ గుర్రం సంగతి వేరు. ఈ తేడా తెలియకే ఇంతమంది కిందపడుతున్నారు. గుర్రాలు పెంచేవాళ్లకూ, సవారీ నేర్చుకునేవాళ్లకూ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాం. కొంచెం పెద్ద ఉత్తరమే, మన్నించాలి.

ముందు కొట్టడం ఎందుకు పనిచేయదో చూద్దాం. రోడ్డు పక్కన ఫ్లెక్సీ గాలికి ఊగింది, గుర్రం ఆగింది, అదే క్షణంలో పిర్ర మీద దెబ్బ పడింది. గుర్రం ఈ రెంటినీ జతకట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఫ్లెక్సీ ఉన్నచోట నొప్పి పుడుతుందన్న దాని అనుమానం మనమే రుజువు చేసి చూపించినట్టయింది. మర్నాడు అదే ఫ్లెక్సీ ఇంకా దూరం నుంచే బెదిరిస్తుంది. దెబ్బకు భయపడి ఒకసారి దాటిపోవచ్చు. అలా దాటినప్పుడు అది పరుగున దాటుతుంది, ఆ పరుగు ఫ్లెక్సీ దగ్గర ఆగిపోదు.

గుర్రం చూపు మన చూపు లాంటిది కాదు. కళ్లు తలకు చెరోపక్క ఉండటం వల్ల దానికి సుమారు 350 డిగ్రీల మేర కనబడుతుంది. నుదుటికి ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం మాత్రమే కనబడని చోట్లు. వెనక నుంచి వచ్చే ఆటో, పక్కన లేచే పాలిథిన్ కవరు రౌతు కంటే ముందు గుర్రానికే కనబడతాయి. జట్కా గుర్రాలకు గంతలు కట్టింది అందుకే. అయితే రెండు కళ్లతో కలిపి చూసే మేర తక్కువ కాబట్టి ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో, ఏమిటో పోల్చుకోవాలంటే గుర్రం తల ఎత్తాలి, దించాలి, కాస్త పక్కకు తిప్పాలి. సరిగ్గా ఆ సమయంలోనే రౌతు పగ్గాలు బిగబట్టి తల కదలనివ్వడు. ఇంకోటి, ఎండలోంచి నీడలోకి వచ్చినప్పుడు గుర్రం కన్ను సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. రైలు పట్టాల కింది వంతెనల ముందు గుర్రం కాళ్లు బిగబట్టి నిలబడితే అది మొండితనం కాదు, లోపల దానికి నిజంగానే సరిగా కనబడటం లేదు. అర నిమిషమో నిమిషమో అక్కడే నిలబెడితే చాలాసార్లు దానంతటదే అడుగేస్తుంది.

రంగుల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఎరుపు, ఆకుపచ్చ గుర్రానికి పెద్ద తేడాగా కనబడవు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి. గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో మిరప కళ్లాల పక్క నుంచి వెళ్లేటప్పుడు గుర్రం చెవులు ఎటు తిరుగుతున్నాయో గమనించండి. మన కళ్లు మిరిమిట్లు గొలిపే ఆ ఎర్రటి పరుపును అది పట్టించుకోదు. కుప్ప మీద కప్పిన నీలం పట్టా ఉంటుంది కదా, దాని అంచు ఇటుక కింద నుంచి జారి, మూరెడు ముక్క గాలికి లేచి టపటపా కొట్టుకుంటుంటుంది. గుర్రం రెండు చెవులూ దానిమీదే ఉంటాయి. మిరప ఘాటుకు ముక్కు మండితే చీదుతుంది. ఆ చీదడం వేరు, బెదిరినప్పుడు ముక్కుపుటాలు విప్పార్చి ఒక్కసారిగా బుస్సుమనడం వేరు. వీలైతే గాలి వీచే వైపు నుంచి కళ్లాన్ని దాటాలి.

బెదురు మాన్పించే పని మొదలెట్టే ముందు నొప్పి ఉందేమో చూడాలి. ఎవరూ చేయని పని ఇదే. పై దవడ పళ్ల బయటి అంచులు, కింది దవడ పళ్ల లోపలి అంచులు అరుగుదలలో వాడిగా తేలి బుగ్గను, నాలుకను కోస్తాయి. ఏడాదికోసారి పశువైద్యుడి చేత ఆకురాయితో అరగదీయించాలి. జీను వేసి మనిషి కూర్చున్న తర్వాత కూడా మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. సవారీ అయ్యాక జీను తీసి వీపు చూడండి. చుట్టూ చెమట పట్టి, మధ్యలో అరచేతి మేర పొడిగా మిగిలితే అక్కడ జీను నొక్కేస్తోందని అర్థం. వెన్నుకు రెండు పక్కలా వేళ్లతో మెల్లగా నొక్కుకుంటూ వెళ్తే నొప్పి ఉన్నచోట గుర్రం వీపు కిందికి జారవిడుస్తుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క నుంచి వచ్చేవాటికి బెదిరే గుర్రానికి ఆ పక్క కన్ను చూపించాలి. మనకు గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, సంచార పశువైద్య వాహనాన్ని పిలవడానికి 1962 ఫోను నంబరు ఉంది. దారి లేదనడానికి వీల్లేదు.

మేత గురించి రెండు మాటలు. 400 కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుమేత, లేదా దానికి సరిపడా పచ్చిమేత కడుపులో పడాలి. మన దగ్గర జరిగేది తలకిందులుగా ఉంటుంది. మేత తక్కువ, ఉలవ గుగ్గిళ్లు, శనగలు ఎక్కువ. పైగా రోజంతా గుంజకు కట్టేసి, ఆదివారం పొద్దున్నే జీను వేస్తారు. ఆ గుర్రం బెదరకపోతేనే ఆశ్చర్యపోవాలి. దాణా చేసే పనికి తగ్గట్టు ఉండాలి. పని లేని రోజు దాణా సగానికి తగ్గించి, రోజూ గంటైనా కట్టు విప్పి ఖాళీ జాగాలో వదలాలి. సగం గుర్రాలకు ఇంతకంటే వైద్యం అక్కర్లేదని మా అభిప్రాయం.

ఇక అసలు పని. దీనికి కావాల్సిన సాధనం దూరం. ఏ వస్తువుకైనా గుర్రం చూసి కూడా నిమ్మళంగా ఉండగలిగే దూరం ఒకటి ఉంటుంది. ఒక్కో గుర్రానికి అది పది మీటర్లు, ఇంకోదానికి యాభై. ఆ హద్దు దగ్గరికొచ్చేసరికి తల లేస్తుంది, చెవులు నిక్కపొడుచుకుంటాయి, మెడ కర్రలా బిగుస్తుంది, అడుగులు పొట్టివవుతాయి. ఈ గుర్తుల్లో మొదటిది కనబడగానే ఆగాలి. ఇంకో రెండడుగులు వేయించి చూద్దాం అనుకున్నప్పుడే అన్నీ చెడతాయి. ఆగి, పగ్గాలు కాస్త వదులు చేసి, దాన్ని చూడనివ్వాలి. మెడ దిగి, రెప్పలు ఆడించి, ఊపిరి గట్టిగా వదిలిందంటే అప్పుడు మనమే దాన్ని వెనక్కి తిప్పి నాలుగైదు అడుగులు తీసుకెళ్లాలి. మళ్లీ రావాలి. ఈసారి ఒకటి రెండు అడుగులు ముందుకు పడతాయి.

ఇందులో మెలిక ఒకటుంది. వెనక్కి తిరగడం ఎవరి నిర్ణయం అన్నదే ముఖ్యం. గుర్రం నిమ్మళించాక మనం తిప్పితే, 'నిలబడితే వదిలేస్తారు' అని నేర్చుకుంటుంది. అది గిర్రున తిరిగి పారిపోయాక మనం ఊరుకుంటే, 'తిరిగితే వదిలేస్తారు' అని నేర్చుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ గుర్రం వెనక్కే నడిచింది, నేర్చుకున్నది మాత్రం పూర్తిగా వ్యతిరేకం. పారిపోతే కొట్టక్కర్లేదు. మళ్లీ అటు తిప్పి, ఇంకాస్త దూరంలో నిలబెట్టి, నిమ్మళించేదాకా ఆగితే చాలు. బెదిరిపోయిన గుర్రాన్ని అక్కడికక్కడే ఇంటికి తోలుకెళ్లి జీను విప్పకండి. బెదిరితే పని తప్పుతుందన్నది దానికి రెండు రోజుల్లో పట్టుబడుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు, బాగా జరిగినచోట ఆపేయాలి. ఒక పక్క నుంచి చూపించింది రెండో పక్క నుంచి కూడా చూపించాలి. ఎడమ కన్నుతో చూసి అలవాటైన గేటు, తిరిగి వచ్చేటప్పుడు కుడి కన్నుకు కొత్తగానే కనబడవచ్చు. వెళ్లేటప్పుడు ఏమీ అనలేదు, వచ్చేటప్పుడు ఎందుకు బెదిరిందో అని తల పట్టుకునేవాళ్లకు జవాబు ఇదే.

బైకులు, ఆటోల భయానికి ఒక చిట్కా బాగా పనిచేస్తుంది. గుర్రం వైపు బండిని తీసుకురాకండి. బండిని ముందు పంపి, గుర్రాన్ని దాని వెనక నడిపించండి. తన నుంచి దూరంగా పోయే వస్తువు గుర్రానికి భయం కలిగించదు, తానే దాన్ని తరుముతున్నట్టు ధైర్యం వస్తుంది. ఖాళీ మైదానంలో ఒక స్నేహితుడు నడక వేగంతో బైకు నడిపితే, ముందు ఇరవై మీటర్ల వెనక నుంచి మొదలెట్టి, మూడు నాలుగు రోజుల్లో పక్కకు చేరవచ్చు. ఆ తర్వాత ఎదురుగా, చివరికి వెనక నుంచి. వెనక నుంచి రావడం అన్నిటికంటే కష్టమైంది, దాన్ని ముందు పెట్టుకోకూడదు. ఇదంతా అయ్యాకే రోడ్డు. ఆ రోడ్డు మీద కూడా మొదటి కొన్నాళ్లు ట్రాఫిక్కుకు అలవాటుపడ్డ పాత గుర్రం ఒకటి ముందు నడవాలి. కరకట్ట రోడ్డు లాంటి ఇరుకు చోట్లకు కొత్త గుర్రాన్ని ఒంటరిగా తీసుకెళ్లడం తెలివైన పని కాదు.

రోడ్డు మీద ఫ్లెక్సీ పక్క నుంచి వెళ్లేటప్పుడు చాలామంది గుర్రం తల ఫ్లెక్సీ వైపు తిప్పి, 'చూడు, చూడు' అంటారు. ఆగి ఉన్నప్పుడైతే అది మంచిదే. నడుస్తున్నప్పుడు మాత్రం ప్రమాదం. మనం రోడ్డుకు ఎడమ పక్కన వెళ్తాం. ఫ్లెక్సీ ఎడమ పక్కనే ఉంటుంది. తల ఎడమకు తిరిగితే వెనకభాగం కుడికి, అంటే లారీ కిందికి జరుగుతుంది. అందుకని దాటేటప్పుడు తలను కుడికి కొద్దిగా, కంటి కొస మాత్రం మీకు కనబడేంత తిప్పి, కుడి కాలు గుర్రం పక్కకు ఆనించాలి. అప్పుడది జరిగితే భయపెట్టే ఆ ఫ్లెక్సీ వైపే జరుగుతుంది గానీ బండ్ల మధ్యలోకి పోదు. మీ చూపు ఫ్లెక్సీ మీద కాకుండా అవతల రోడ్డు మీద ఉండాలి.

రౌతు భయం గుర్రానికి అంటుతుందన్నది వట్టి మాట కాదు. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, గుర్రాలను నడిపించేవాళ్లకూ సవారీ చేసేవాళ్లకూ 'ఈసారి మీరు దాటేటప్పుడు గొడుగు తెరుస్తాం' అని ముందుగా చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ల కింద, పక్కన ఉన్న గుర్రాలదీ పెరిగింది. కాబట్టి ఎదర ఏదో ఉందని తెలియగానే మోకాళ్లు బిగించి, పగ్గాలు దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టే రౌతు, గుర్రానికి 'అదిగో ప్రమాదం' అని చెయ్యెత్తి చూపించినట్టే. ఊపిరి పొడుగ్గా వదలండి, మడమలు కిందికి దించండి, పైకి వినబడేలా మెల్లగా మాట్లాడండి. మాట్లాడితే ఊపిరి బిగబట్టడం కుదరదు, దాని ఉపయోగం అదే. గుర్రం మెడ చుట్టూ ఒక తోలు పట్టీ వదులుగా కట్టి ఉంచుకుంటే, ఉలిక్కిపడ్డప్పుడు పగ్గాలు కాకుండా అది పట్టుకోవచ్చు, నోరు కోసుకోదు.

భయం ముదిరేలోపు కిందికి దిగి నడిపించడం నామోషీ కాదు. దిగితే మాత్రం ఎక్కడ నిలబడాలో తెలిసి ఉండాలి. గుర్రం దేనికి బెదురుతోందో ఆ వైపునే, భుజం పక్కన ఉండాలి. గుర్రం దూకేది భయం నుంచి దూరంగా కాబట్టి మీ మీదికి రాదు. అవతలి పక్కన నిలబడితే మీ కాళ్ల మీదే పడుతుంది. తాడు చేతికి చుట్టుకోకూడదు, మడతలుగా పట్టుకోవాలి.

గుర్రం బెదిరి పరుగు లంకించుకుంటే రెండు పగ్గాలూ ఒకేసారి లాగి వెనక్కి వాలడం అందరూ చేసేదే. అది లాగుడు పందెం, 400 కిలోల జంతువుతో ఎవరూ గెలవలేరు. ఒక పగ్గాన్ని పొట్టిగా పట్టుకుని, చెయ్యి మెల్లగా తొడ వైపు తెస్తే మెడ వంగుతుంది, వెనక కాళ్లు పక్కకు పడతాయి, వేగం చచ్చిపోతుంది. ఆగగానే పగ్గం వదిలేయాలి. దీన్ని ముందుగా నడకలో, రెండు పక్కలా వారాల తరబడి సాధన చేయాలి. పూర్తి దౌడులో ఒక్కసారిగా లాగితే గుర్రం తూలి పడుతుంది. రైవస్ కాలువ గట్టు లాంటి చోట అయితే నీళ్ల వైపు తిప్పకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు. అక్కడ లాగి వదలడం, లాగి వదలడం ఒక్కటే దారి. చెప్పులతో సవారీ చేసేవాళ్లను ఏమనాలో తెలియడం లేదు. చెప్పు రికాబులో (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియంలో) దూరిపోయి కాలు ఇరుక్కుంటే, పడ్డ మనిషిని గుర్రం ఈడ్చుకెళ్తుంది. అంగుళం మడమ ఉన్న బూటు, బూటు కంటే అంగుళం వెడల్పున్న రికాబు, గడ్డం కింద పట్టీ బిగించిన సవారీ హెల్మెట్. ఈ మూడూ లేకుండా బెదురు గుర్రం ఎక్కకూడదు.

చప్పుళ్ల దగ్గరికొస్తే, డప్పుల, బ్యాండు మేళం చప్పుడుకు గుర్రాన్ని అలవాటు చేయవచ్చు. మేత తినేటప్పుడు ముప్పై మీటర్ల దూరంలో చిన్న స్పీకరు పెట్టి, అది తినడం ఆపనంత సన్నగా మొదలెట్టి, రోజులు గడిచేకొద్దీ ధ్వని పెంచాలి. తల ఎత్తి తినడం మానిందంటే పెంచింది ఎక్కువైంది. ఈ పని నెలలు పడుతుంది, ముహూర్తానికి వారం ముందు కుదరదు. టపాసులకు మాత్రం ఇది చాలదు. పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు మించకూడదని నిబంధనే ఉంది. అంటే నిబంధన పాటించిన బాంబు కూడా గుర్రం చెవి పక్కన ఎంత మోతో ఊహించుకోండి. చెవుల్లో దూది పెట్టడం కొంత ఉపయోగమే. మత్తు ఇంజెక్షను మాత్రం దగా. మత్తులో ఉన్న గుర్రం నిలకడగా కనబడుతుంది గానీ, పెద్ద మోతకు హఠాత్తుగా లేచి, కాళ్లు నిలదొక్కుకోలేక మనుషుల మీద పడుతుంది.

ఇక ముళ్ల కళ్లెం. బెదురు గుర్రానికి ఇదే మందని ఇప్పటికీ అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఉన్నారు. సవారీకి గానీ బండికి గానీ ముళ్లు, బొడిపెలు ఉన్న కళ్లెం వాడకూడదని 1965 నాటి జంతు హింస నివారణ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 దాకా జంతువును బండికి కట్టడం, బరువు మోయించడం కూడదన్నది కూడా అందులోదే. బెజవాడ ఎండలకు ఆ నియమం ఏప్రిల్, మే నెలల్లో ఏ రోజుకు వర్తించదో చెప్పడం కష్టం. నోట్లో పుండున్న గుర్రం పగ్గం తగిలితేనే తల ఎగరేస్తుంది, ముందుకాళ్లు లేపుతుంది. దాన్నే పొగరంటున్నారు.

ఊరేగింపుకు గుర్రం మాట్లాడుకునే పెళ్లివారు అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు పగటిపూట ఒకసారి వెళ్లి చూసుకోండి. నోటి మూలల్లో తెల్లటి మచ్చలు, పుళ్లు ఉన్నాయా, జీను కింద రాపిడి గాయాలున్నాయా, మనిషి చెయ్యెత్తితే తల విదిలించుకుంటోందా. ఉంటే ఆ గుర్రం వద్దు. ఊరేగింపులో టపాసులు కాల్చేవాళ్లను కనీసం వంద మీటర్లు ముందు నడిపించండి, జనరేటరు బండి, స్పీకర్లు గుర్రం వెనక కాకుండా ముందు ఉంచండి, దాని వెనక మూడు మీటర్ల మేర ఎవరినీ నిలబడనివ్వకండి. సెల్ఫీల కోసం తోక పట్టుకునే పిల్లలను ఆపే బాధ్యత గుర్రం తోలే కుర్రాడి ఒక్కడి మీదే వేయకండి, వాడి రెండు చేతులూ పగ్గాల మీద ఉంటాయి.

బండి నడిపేవాళ్లకు ఒక మనవి. ఎదర గుర్రం కనబడితే హారను కొట్టకండి, లైటు ఆర్పి వెలిగించకండి. నడక వేగానికి తగ్గి, ఒక కారు పట్టేంత ఎడం ఇచ్చి దాటండి. దాటగానే ఒక్కసారిగా రేజు చేయకండి, ముప్పై నలభై మీటర్లు పోయాక వేగం అందుకోండి. రౌతు చెయ్యి చాపి ఆపమంటే ఇంజను ఆన్‌లోనే ఉంచి ఆగండి. ఆగిన ఇంజను మళ్లీ స్టార్టయ్యే చప్పుడుకే చాలా గుర్రాలు లేస్తాయి.

భవదీయులు,
సవారీ నేర్పే పనిలోనూ గుర్రాల పోషణలోనూ ఉన్న పాఠకులు,
తాడేపల్లి, గుంటూరు జిల్లా